అడవి అంచున చేతి గడియారం

రోజూ పెట్టుకునే వాచీ ఏ తీరుదైతే బాగుంటుందన్న ప్రశ్నకు హైదరాబాద్‌ ఏసీ గదిలో వచ్చే జవాబు ఒకటి, ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు చేరాక వచ్చే జవాబు మరొకటి. ఇక్కడ ఎండాకాలంలో ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. జూన్‌ దాటితే ముసురు, గోదావరి తేమ. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు వైపు బొగ్గు దుమ్ము, నది ఒడ్డున ఇసుక, మిరప తోటల్లో ఘాటు. చేతికున్న వస్తువు వీటన్నిటి మధ్యా తిరగాలి. చర్ల, దుమ్ముగూడెం వైపు లోపలి ఊళ్లలో వాచీ ఆగిపోతే చిన్న పనికి భద్రాచలం, పెద్ద పనికి ఖమ్మం బస్సెక్కవలసి వస్తుంది. అందుకే బ్రాండు, ధర, అందం కంటే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి: చేయి ఎంత చెమటలో ఉంటుంది, ఎంత నీళ్లలో ఉంటుంది, టైము ఎంత సన్నగా కావాలి, చెడితే ఎక్కడ బాగవుతుంది. వీటిలో చివరిదాన్ని కొనేవాళ్లు తక్కువగా అడుగుతారు. ఈ సమీక్షలో దానికే ఎక్కువ బరువు.

టైము ఎంత సన్నగా కావాలన్నది పనిని బట్టి మారుతుంది. పంచాంగం రోజును 60 గడియలుగా విడగొడుతుంది. ఒక గడియ అంటే 24 నిమిషాలు. గడియారం అన్న మాటలో ఆ గడియ ఇప్పటికీ వినిపిస్తుంది. శ్రీరామనవమినాడు భద్రాచలంలో సీతారాముల కల్యాణం జరిగేది అభిజిత్‌ లగ్నంలో, మిట్టమధ్యాహ్నం. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. భద్రాచలం దానికి ఒకటిన్నర డిగ్రీల పైచిలుకు పడమటన ఉంది. అందువల్ల ఏప్రిల్‌ మొదట్లో ఇక్కడ సూర్యుడు నడినెత్తిన నిలిచేది వాచీలో 12 కొట్టినప్పుడు కాదు, ఇంచుమించు 12 గంటల 10 నిమిషాలకు. అభిజిత్‌ ముహూర్తం దానికి అటొక గడియ, ఇటొక గడియ పరుచుకుని ఉంటుంది. అంతటి ముహూర్తానికైనా నిమిషం తేడా ఉన్న వాచీ చాలు.

గని వచ్చాక లెక్క మారింది. ఇల్లందులో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. సింగరేణి కాలరీస్‌ అన్న పేరు 1920 నుంచి ఉంది. మూడు షిఫ్టుల కొలువు, మస్టరు, సైరను కలిసి పొద్దును బట్టి నడిచిన ఊళ్లను నిమిషాలకు కట్టేశాయి. కొత్తగూడెం స్టేషనుకు భద్రాచలం రోడ్‌ అని పేరు. అక్కడి నుంచి డోర్నకల్‌ వైపు వెళ్లే బండికీ నిమిషమే లెక్క. వానాకాలంలో భద్రాచలం వంతెన దగ్గర గోదావరి మట్టాన్ని గంట గంటకూ రాసేవాళ్లకు అంకె ఎంత ముఖ్యమో దాని పక్కన రాసే టైమూ అంతే ముఖ్యం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వరద వచ్చినప్పుడు నీరు గంటకు ఎన్ని అంగుళాలు ఎక్కుతోందన్నదే ఊళ్లను ఖాళీ చేయించింది.

సెకను దాకా అవసరమైనవాళ్లూ ఈ అడవిలో ఉన్నారు. గూడేల్లో తిరిగే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం దగ్గుతో ఉన్న బిడ్డ ఊపిరిని నిండా ఒక నిమిషం లెక్కపెడతారు. రెండు నెలల లోపు పసికందుకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు 40, లెక్క అంత ఉన్నా, అంతకు మించినా న్యుమోనియా అనుమానం. బిడ్డ తల్లి ఒడిలో ఉంటుంది. చొక్కా పైకి తీసి, పొట్ట పక్కనే వాచీ ఉన్న చేతిని ఆనించి, ఒకే చూపులో పొట్ట కదలికనూ సెకన్ల ముల్లునూ చూడాలి. ముల్లు 12 దగ్గర బయల్దేరి తిరిగి 12కు వచ్చేదాకా లెక్క తప్పకూడదు. సెకన్ల ముల్లు లేని ఫ్యాషన్‌ వాచీ ఇక్కడ ఎందుకూ కొరగాదు. కొన్ని సెకన్లకే తెర ఆరిపోయే స్మార్ట్‌వాచీ మధ్యలో లెక్క చెడగొడుతుంది. అంకెల వాచీతో కుదురుతుంది గానీ, మారే అంకెను చదువుతూ ఊపిరి లెక్కపెట్టడం కష్టం. తిరిగే ముల్లును చదవక్కర్లేదు, కంటికి ఆనితే చాలు.

తీరుల్లో ముందుగా చెప్పుకోవలసింది కీ ఇచ్చే వాచీ. బెంగళూరులో 1961లో జపాన్‌ సిటిజన్‌ కంపెనీ సహకారంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు తెలుగు ఇళ్లలో రెండు మూడు తరాల పాటు పెళ్లికొడుకు చేతికి ఎక్కాయి. సైకిలు, రేడియో, వాచీ అన్న పెళ్లి కానుకల వరసలో వాచీ అంటే చాలామందికి హెచ్‌ఎంటీయే. అందులో జనతా 17 రాళ్ల వాచీ. గంటకు 18,000 కొట్టుళ్లు, అంటే సెకనుకు అయిదు. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే చప్పుడు అదే. వెనక మూత విప్పి చూస్తే ఇత్తడి రంగు పలకల మధ్య ఒక చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతుంటుంది. దాని నడుమ తల వెంట్రుక మందం చుట్టల స్ప్రింగు గుండెలా ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. ఇరుసులు తిరిగే చోట చిన్న ఎర్ర చుక్కలు. అవే ఆ రాళ్లు, కృత్రిమ కెంపులు. ఇరుసు అరగకుండా ఉండటానికి వాటిని పెడతారు.

ఈ తీరుకున్న బలం సెల్లు అక్కర్లేకపోవడం. రోజూ పొద్దున ఒకే వేళకు నిండుగా కీ ఇస్తే మర్నాటి దాకా నడుస్తుంది. బాగున్న జనతా రోజుకు అర నిమిషం అటూ ఇటూ పోతుంది. ఆకాశవాణి వార్తల ముందు వచ్చే పిప్‌ చప్పుళ్లకు ముల్లు సరిచేసుకునే అలవాటు ఆ తేడాలోంచే పుట్టింది. బలహీనతలూ తక్కువేమీ కాదు. చెమట, నీరు ఆపే సీలు పాత జనతాలో దాదాపు లేదు. లోపలి నూనె అయిదారేళ్లకు ఎండిపోతుంది. బొగ్గు దుమ్ము లోపలికి వెళ్తే ఆ నూనెతో కలిసి ఇరుసులను తినేస్తుంది. పాల్వంచలో విద్యుత్కేంద్రం ఉంది, సారపాకలో కాగితం మిల్లు ఉంది. అలాంటి చోట్ల పెద్ద మోటార్ల దగ్గర పనిచేసేవాళ్లకు మరో చిక్కు ఉంది. అయస్కాంతం సోకితే చుట్టల స్ప్రింగు ఒకదానికొకటి అంటుకుని వాచీ ఒక్కసారిగా రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంది. చెడిందని పారేయనక్కర్లేదు. అయస్కాంతం తీసే చిన్న యంత్రం ఉన్న మెకానిక్‌ దగ్గర క్షణాల పని అది.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. ఆ తర్వాత పాత భాగాలు కలిపి, డయలుకు కొత్త రంగు వేసి అమ్మే వాచీలు బజారును నింపాయి. నాన్న వాచీనో తాత వాచీనో సర్వీసింగ్‌ చేయించి పెట్టుకోవడం మంచి పని. కొత్తగా కనిపిస్తోందని పాతదాన్ని పెద్ద ధరకు కొనడం మాత్రం ఎన్నో సార్లు నష్టమే. హైదరాబాద్‌ ఆల్విన్‌ కూడా 1980ల్లో జపాన్‌ సీకో సహకారంతో వాచీలు చేసింది. ఈ జిల్లాల్లోని బీరువాల్లో అవి ఇప్పటికీ దొరుకుతాయి. విడిభాగాలు దొరకడం కష్టం కాబట్టి వాటిని పండగలకు వాడుకోవడం మేలు.

ఆటోమేటిక్‌ వాచీ కీ వాచీకి తమ్ముడు. చేయి ఊగితే లోపలి బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. రోజంతా చేతిపని చేసేవాళ్లకు ఇది ఆగదు. కానీ గడ్డపార దెబ్బ, ట్రాక్టర్‌ కుదుపు, డ్రిల్లు అదురు దీనికి పడవు. ధర ఎక్కువ, సర్వీసింగ్‌ ఖర్చూ ఎక్కువే. ఈ ప్రాంతంలో మాస్టార్లకు, గుమాస్తాలకు, దుకాణదారులకు సరిపోతుంది.

అసలు పోటీ సెల్లు వాచీది. జపాన్‌ సీకో 1969 డిసెంబర్‌ 25న మొదటి క్వార్ట్జ్‌ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ఇప్పటి సెల్లు వాచీల్లో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని రెండుతో పదిహేనుసార్లు భాగిస్తే ఒక సెకను. అందుకే ఆ సంఖ్య. మామూలు సెల్లు వాచీ నెలకు పదిహేను ఇరవై సెకన్లకు మించి తప్పదు. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి 1984లో మొదలుపెట్టిన టైటాన్‌ హోసూరు ఫ్యాక్టరీ నుంచి ఈ రకాన్నే దేశమంతా పంచింది. తర్వాత వచ్చిన సొనాటా తక్కువ ధరలో అదే పని చేస్తోంది. చిన్న టౌన్లలో ఎక్కువగా కనిపించే వాచీలు ఇవే.

ఎండకు ఈ స్ఫటికం ఎలా ఉంటుందన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. అది 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. వేడెక్కినా చల్లబడినా కాస్త నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల్లో రోజంతా ఉంటే రోజుకు ఒక సెకను దాకా వెనకబడుతుంది. చేతికి ఉన్నంతసేపూ ఒంటి వేడి దాన్ని ముప్పై డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది కాబట్టి తేడా లెక్కలోకి రాదు. మధ్యాహ్నం విప్పి బైకు ట్యాంకు మీదో రేకుల షెడ్డు గూట్లోనో పెట్టే అలవాటే అసలు శత్రువు. అక్కడ వేడికి సెల్లు కారి లోపలి బోర్డును తినేస్తుంది. అదే సెల్లు వాచీకి ఎక్కువగా వచ్చే చావు. ఆగిపోయిన వాచీని సెల్లు తీయకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేసినా జరిగేది అదే.

అంకెల డిజిటల్‌ వాచీకి ఈ అడవిలో రావలసినంత గౌరవం రాలేదు. 1989లో వచ్చిన కాసియో ఎఫ్‌-91డబ్ల్యూ బరువు 21 గ్రాములు. కంపెనీ లెక్కన సెల్లు ఏడేళ్లు. నెలకు 30 సెకన్లకు మించి తేడా రాదని హామీ. అలారం ఉంది, స్టాప్‌వాచ్‌ ఉంది, రాత్రి చూడటానికి చిన్న దీపం ఉంది. తునికాకు కాలంలో తెల్లవారకముందే అడవికి వెళ్లేవాళ్లకు ఆ అలారం సెల్‌ఫోన్‌ కంటే నమ్మకమైనది. ఫోను చార్జింగ్‌ అయిపోవచ్చు, గాలిదుమారానికి కరెంటు పోవచ్చు. యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లానికి చేర్చేదాకా చేయి ఖాళీగా ఉండదు. తేలికైన ప్లాస్టిక్‌ వాచీ ఆ పనికి అడ్డం రాదు. మరీ వేడెక్కితే తెర నల్లబడుతుంది, చల్లారాక మామూలవుతుంది. ఎక్కువ వాన తగిలే పనికి ఇదే తీరులో 50 లేదా 100 మీటర్ల గుర్తు ఉన్నది తీసుకోవాలి.

స్మార్ట్‌వాచీ ఇప్పుడు కుర్రవాళ్ల మొదటి కోరిక. నాయిస్‌, బోట్‌, ఫైర్‌-బోల్ట్‌ పేర్లతో వచ్చేవి మామూలు టైటాన్‌ ధరకే దొరుకుతున్నాయి. నడక లెక్క, గుండె వేగం, ఫోను వచ్చిన సంగతి చెబుతాయి. ఇవి ఉపయోగాలే. కానీ రోజుకో, కొన్ని రోజులకో చార్జింగ్‌ పెట్టాలి. లిథియం బ్యాటరీ ఇక్కడి వేడికి త్వరగా నీరసిస్తుంది. రెండు మూడేళ్లకు బ్యాటరీ పోతే మార్చే మెకానిక్‌ దగ్గర్లో దొరకడు. భూగర్భ గనిలోకి అనుమతి లేని ఎలక్ట్రానిక్‌ వస్తువులు తీసుకెళ్లకూడదు. అక్కడ మీథేన్‌ వాయువుకు ఒక్క నిప్పురవ్వ చాలు. నీట్‌ పరీక్ష హాల్లోకి ఏ రకం వాచీనీ రానివ్వరు. కాబట్టి పిల్లలకు పరీక్షల కోసమని వాచీ కొనేముందు ఆ పరీక్ష నిబంధన చదువుకోవాలి.

తీరు తేలాక ఒంటిని చూడాలి. చవక వాచీల కేసు ఇత్తడి మీద పూసిన మెరుగు. మిరపకాయలు ఏరే చేతికి పెట్టుకుంటే చెమట ఉప్పు ఆ మెరుగును ఒకటి రెండు సీజన్లకే లేపేస్తుంది. కింద ఇత్తడి బయటపడి పచ్చటి చిలుము పడుతుంది, మణికట్టు మీద నల్లటి చార మిగులుతుంది. బంగారు పూత చైన్లదీ అదే గతి. కాస్త ఎక్కువైనా నిండా స్టెయిన్‌లెస్‌ స్టీలు కేసు, లేదా పూర్తిగా ప్లాస్టిక్‌ కేసు తీసుకోవడమే లాభం. కేసు మొత్తం ఇత్తడిదై, వెనక మూత మీద మాత్రం స్టీలు అని రాసిన వాచీలున్నాయి. ఆ ఒక్క పదం చూసి మోసపోకూడదు.

అద్దం మూడు రకాలు. పాత హెచ్‌ఎంటీలో ఉన్నది ప్లాస్టిక్‌. గీతలు పడుతుంది గానీ పగలదు, పాలిష్‌ పెడితే మళ్లీ మెరుస్తుంది. ఇప్పటి వాచీల్లో ఎక్కువగా ఉండే మినరల్‌ గాజు కంటే గోదావరి ఇసుక గట్టిది. ఇసుకలోని స్ఫటికం గట్టిదనపు కొలతలో 7, గాజు ఆరు దాటదు. అందుకే ఇసుక పని చేసేవాళ్ల వాచీ అద్దం ఏడాదికే మసకబారుతుంది. నీలం అద్దం, అంటే సఫైర్‌, 9. దాని మీద ఇసుక గీత పడదు. కానీ గట్టి దెబ్బకు ముక్కలవుతుంది, ధరా ఎక్కువే.

బెల్టుల్లో తోలు ఈ వాతావరణానికి అసలు పనికిరాదు. చెమటకు నాని వాసన పట్టి, అంచులు విచ్చిపోతాయి. స్టీలు చైను ఎండలో కాలుతుంది, కానీ నీళ్లతో కడుక్కోవచ్చు. రబ్బరు, సిలికాన్‌ బెల్టులు నీటికి మంచివే గానీ అడుగున చెమట నిలిచి చర్మం పాసిపోతుంది. అన్నిటికంటే నమ్మదగినది ఒకే పట్టీగా కేసు కింద నుంచి దూరి వచ్చే నైలాన్‌ బెల్టు. బ్రిటిష్‌ సైన్యం 1973లో ఖరారు చేసిన తీరు అది. ఒక వైపు స్ప్రింగు పిన్ను విరిగినా రెండో పిన్ను పట్టుకుని ఉంటుంది, వాచీ నేలకు జారదు. రాత్రి సబ్బుతో ఉతికి ఆరేస్తే పొద్దునకు సిద్ధం.

డయలు విషయంలో అభిరుచికి చోటుంది, అయినా కొంత కచ్చితంగా చెప్పవచ్చు. తెల్ల డయలు మీద నల్ల ముళ్లు, లేదా నల్ల డయలు మీద తెల్ల ముళ్లు ఎండలో తేటగా కనిపిస్తాయి. మెరిసే డయలు మీద మెరిసే ముళ్లు మిట్టమధ్యాహ్నం కనిపించవు. చీకట్లో వెలిగేవాటిని ఇప్పటికీ రేడియం ముళ్లు అంటారు గానీ, వాటిలో రేడియం వాడకం 1960ల తర్వాత పోయింది. 1993లో జపాన్‌ నుంచి వచ్చిన పూత పగటి వెలుగు తాగి రాత్రి కక్కుతుంది, దానికి కిరణప్రమాదం లేదు. నైట్‌ షిఫ్టుకు వెళ్లేవాళ్లు దాన్ని అడిగి తీసుకోవాలి. సైజుకు ఒక దారం చాలు. కేసు పై కొమ్ము నుంచి కింది కొమ్ము దాకా ఉన్న పొడవు మణికట్టు వెడల్పును దాటకూడదు. దాటితే చొక్కా చేతికీ తలుపుకీ తగులుతూనే ఉంటుంది. సన్నటి మణికట్టుకు 34 నుంచి 38 మిల్లీమీటర్ల కేసు సరిపోతుంది. ఆడవాళ్లకని అమ్మే బొట్టంత డయళ్లలో సెకన్ల ముల్లు లేనివే ఎక్కువ. గాజులతో రాసుకోకుండా రెండో చేతికి పెట్టుకునే వీలుంటే మధ్య సైజు వాచీయే మేలు.

నీటి గుర్తుల గురించి ఉన్నన్ని అపోహలు మరి దేని గురించీ లేవు. 30 మీటర్లు అని రాసిన వాచీతో ముప్పై మీటర్ల లోతుకు దిగవచ్చని కాదు. ప్రయోగశాలలో కదలని నీటి ఒత్తిడికి పెట్టిన పరీక్ష అది. 30 అంటే చేతులు కడుక్కోవడానికి, చినుకులకు. 50 అంటే స్నానానికి, కాస్త ఈతకు. 100 అంటే పర్ణశాల దగ్గర నదిలో మునిగినా, చేపల వల లాగినా భయం లేనిది. వేడి నీరు, సబ్బు మాత్రం ఏ గుర్తున్న వాచీకైనా మంచివి కావు. నీటిని ఆపేది వెనక మూత కింది రబ్బరు వాషరు, కీ మొన దగ్గరి ఇంకో చిన్న వాషరు. ఎండకు, చెమటకు ఇవి గట్టిపడి పగులుతాయి. సెల్లు మార్చేటప్పుడల్లా వాషరు చూసి గ్రీజు రాయమని అడగాలి. సెల్లు మార్చి మూత నొక్కేసే చోట 100 మీటర్ల వాచీ కూడా ఆ రోజు నుంచి వానకు తడిసే వాచీయే.

వరద నీరు లోపలికి వెళ్లిన వాచీని బియ్యంలో పాతిపెట్టడం వల్ల ఒండ్రు బయటికి రాదు. కీ మొన బయటికి లాగి, అదే రోజు మూత విప్పించి, సెల్లు తీయించి, మంచి నీటితోనో శుభ్రపరిచే ద్రావకంతోనో కడిగించాలి. రెండు రోజులు ఆగితే తుప్పు పళ్ల చక్రాలను పట్టేస్తుంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఈ ప్రాంతంలో ఎక్కువమందికి సరిపోయే తీరు ఒకటి తేలుతుంది: మూడు ముళ్లు, తేదీ, తేటైన డయలు, స్టీలు కేసు, 50 లేదా 100 మీటర్ల గుర్తు, నైలాన్‌ బెల్టు ఉన్న సెల్లు వాచీ. మట్టిపని, అడవిపని చేసేవాళ్లకు ప్లాస్టిక్‌ డిజిటల్‌. కీ వాచీ దాన్ని ప్రేమించేవాళ్లకు, రోజూ కీ ఇచ్చి దాన్ని చూసుకునే ఓపిక ఉన్నవాళ్లకు. స్మార్ట్‌వాచీ టౌను వదలనివాళ్లకు.

కొనేటప్పుడు దుకాణంలోనే కీ మొన లాగి ముళ్లు తిప్పి చూడాలి, అది వదులుగా ఊగకూడదు. సెకన్ల ముల్లు గీతల మీద సరిగ్గా ఆగుతోందో లేదో గమనించాలి. డయలును అరచేతి నీడలో పెట్టి వెలుగు చూడాలి. బెల్టు వెడల్పు 18, 20 మిల్లీమీటర్ల లాంటి మామూలు కొలత అయితే భద్రాచలంలోనూ దొరుకుతుంది, కంపెనీ సొంత ఆకారంలో ఉంటే దొరకదు. చివరగా లోపల ఏ సెల్లు ఉందో అడిగి గ్యారంటీ కార్డు వెనక రాయించుకోవాలి. 377 లాంటి మామూలు నంబరు అయితే ఏ చిన్న వాచీ దుకాణంలోనైనా అది ఉంటుంది.